చేతివాటం

మూడు చక్రాలు, ఒక రెక్క.
మూడు శీతాకాలాలు పట్టింది.
గడ్డి కొట్టంలో, కిరోసిన్ హీటర్ పక్కన,
బిగించిన ప్రతి బోల్టు మీదా
తమ్ముడు ఇల్గ్వర్స్ ఎర్రరంగు చుక్క పెట్టేవాడు.
చుక్క చెదిరితే బోల్టు కదిలినట్టు.
ఇంజను మంచు మీద నడిచే బండిది. సీటు ఎవరిదో పాత పడవది.
రెక్క మాత్రం కొత్తది,
బ్యాంకుకి ఇంకా నాలుగు వాయిదాలున్నాయి.

జూలైలో గడ్డి కోశాక పొలం ఖాళీ అయింది.
వెంతా నది మీద పొగమంచు విడిపోయే వేళ
నేల నన్ను వదిలేసింది.
వదిలేసిందనే అనాలి, నేను చేసిందేమీ లేదు.
చక్రాల గడగడ టక్కున ఆగింది, అంతే.
కింద కొంగలు ఒకసారి తలెత్తి చూసి
మళ్ళీ కప్పల పనిలో పడ్డాయి.

బాగానే ఎగిరింది. కానీ ఎడమకి లాగింది.
అమ్మేసిన ఆవు పాత కొట్టం దారి పట్టినట్టు
ఎన్నిసార్లు మళ్ళించినా ఎడమకే.

"ఎంత?" అన్నాడు తమ్ముడు నోటుపుస్తకం తెరిచి.
"ఇంత," అన్నాను అరచెయ్యి వంచి.
కదలకు అని, కోణమానిని తెచ్చి
నా అరచేతిని కొలిచాడు.

రెక్క విప్పి ఈనెలు బయటికి లాగాం.
ఆకుకున్నట్టే రెక్కకీ ఉంటాయి ఈనెలు, అల్యూమినియంవి.
ఒక్కోటీ కాగితం మీది గీతకి సరిపోవాలి.
సరిపోయాయి.
అయినా ఎడమవైపు చివరి మూడింటినీ
మోకాలికి ఆనించి కొంచెం కిందికి వంచాడు,
రై రొట్టె పెచ్చు మందమంత.

రెండో రోజు: తగ్గింది, పోలేదు.
మూడో రోజు: ఈదురుగాలి. కొట్టంలో కూర్చుని ప్లగ్గులు తుడిచాం.
రెక్కకి వేలాడే బోల్టుని ఒక్క కన్నం ముందుకి జరిపాం.
నాలుగో రోజు: వేగం పెరిగింది, మంచిదే.
ఎడమకి లాగడం అలాగే ఉంది.
మరో రెండు ఈనెలు వంచాం.
ప్రొపెల్లర్ తిరుగుడు వల్లనేమో అన్నాడు.
గాలివాటమేమో అన్నాను.
రోజూ ఒకే వైపుకా అక్కా, గాలివాటం?

ఐదో రోజు, మూడు వందల మీటర్ల ఎత్తున
కళ్ళద్దాల మీద పురుగొకటి చితికింది.
తుడుచుకుందామని
అడ్డకమ్మీ మీంచి రెండు చేతులూ తీశాను.
బండి నెమ్మదిగా
కుడికి తిరిగింది.

కుడికి!

పట్టుకున్నాను: ఎడమకి.
వదిలాను: కుడికి.
మళ్ళీ పట్టుకుని, ఈసారి
నా కుడి మోచేతిని చూశాను
పక్కింటి కూలిమనిషిని చూసినట్టు.

ఇరవై ఆరేళ్ళు పాల లారీ తోలాను.
దాని రెండో గేరు నిలిచేది కాదు,
కుడికి నొక్కిపట్టకపోతే గుంతల్లో జారి బయటికొచ్చేది.
ఆ పాల కేంద్రం మూతపడింది,
లారీ తుక్కు కిందకి పోయింది.
చేతికి ఎవరూ చెప్పలేదు.
గేరే లేని ఈ ఆకాశంలో
అది కమ్మీని కుడికి లాగిపట్టి
ఆ రెండో గేరుని ఇంకా కాపలా కాస్తోంది.
కమ్మీ కుడికి పోతే రెక్క ఎడమకి వాలుతుంది.
అంతే సంగతి. ఐదు రోజులూ
మేం వంచింది బండిని కాదు,
నా భుజం చెప్పిన అబద్ధానికి తగ్గట్టు
నిజం చెప్పే ఈనెల్ని.

దిగాక ఇల్గ్వర్స్ నవ్వలేదు.
నవ్వితే బాగుండేది.
నోటుపుస్తకంలో నాలుగు పేజీలు కొట్టేసి,
ఐదు ఈనెలూ మళ్ళీ గీత మీదికి తెచ్చి,
సరిచేయాల్సినవాటి జాబితా అడుగున
"పైలట్, కుడి భుజం, బిగుతు ఎక్కువ" అని రాసుకున్నాడు.

ఆ తర్వాత నన్ను సీటులో కూర్చోబెట్టాడు.
చేతులు వదులుగా పెట్టించి,
కోటు భుజానికీ సీటు అంచుకీ కలిపి
ఎర్రరంగు చుక్క ఒకటి పెట్టాడు.

ఆరేదాకా కదలకు, అన్నాడు.